ఎస్ కింద కామానా, కొక్కెమా?

భాషా సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రొమేనియన్ భాష గురించి అడిగినవే ఎక్కువ. ఉద్యోగానికో, మెడిసిన్ చదవడానికో రొమేనియా, మల్దోవా వెళ్లిన మనవాళ్లు రాశారు, హైదరాబాద్‌లో కూర్చుని ఆ భాష వెబ్‌సైట్ల పని చూసేవాళ్లూ రాశారు. అందరినీ ఇబ్బంది పెడుతున్నవి అక్షరాల పైనా కిందా ఉండే గుర్తులే కాబట్టి ఈ సంచికలో పేజీ మొత్తం వాటికే. రొమేనియన్‌ను లాటిన్ లిపిలో, అంటే ఇంగ్లీషుకు వాడే అక్షరాల్లోనే రాస్తారు. వాటికి తోడు ఐదు అక్షరాలు అదనంగా ఉన్నాయి. ఎ మీద గిన్నెలా గుండ్రటి గుర్తు ఉన్నది ఒకటి, ఎ మీద టోపీ ఉన్నది ఇంకొకటి, ఐ మీద టోపీ ఉన్నది, ఎస్ కింద కామా ఉన్నది, టి కింద కామా ఉన్నది. కింది జవాబుల్లో వీటిని గిన్నె ఎ, టోపీ ఎ, టోపీ ఐ, కామా ఎస్, కామా టి అని పిలుస్తాను.

ప్రశ్న: నేను క్లూజ్‌లో ఒక గోడౌన్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ నాతో పనిచేసే రొమేనియన్లు వాట్సాప్‌లో ఏ గుర్తులూ పెట్టరు, ఉత్త ఇంగ్లీషు అక్షరాలే కొట్టి పంపేస్తారు. వాళ్లే పట్టించుకోనప్పుడు నేర్చుకుంటున్న నేను ఎందుకంత కష్టపడాలి?
– నిజామాబాద్ నుంచి వెళ్లిన పాఠకుడు, క్లూజ్-నపోకా

జవాబు: తమ్ముడూ, నువ్వు చూసింది నిజమే. రొమేనియన్లలో చాలామంది చాటింగ్‌లో గుర్తులు వదిలేస్తారు. అది బద్ధకంతో మొదలైన అలవాటు కాదు. పాత కంప్యూటర్లలో, ఫోన్లలో ఆ అక్షరాలు సరిగా ఉండేవే కావు. పాత ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పట్టేవి కదా, ఆ 160కి వాడే అక్షరాల పట్టికలో ఫ్రెంచికి, జర్మన్‌కి కావలసినవి కొన్ని చేర్చారుగానీ రొమేనియన్ అక్షరాలు ఐదింటిలో ఒక్కటీ లేదు. ఒక్క కామా ఎస్ పెట్టినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే పెద్ద పట్టికలోకి మారిపోయి 70 అక్షరాలకే అయిపోతుంది, ఆపైన రాసిందానికి రెండో మెసేజ్ డబ్బులు పడతాయి (తెలుగులో ఎస్సెమ్మెస్ పంపినా ఇదే లెక్క). అలా ఒక తరం మొత్తం గుర్తులు లేకుండా రాయడానికి అలవాటుపడింది.

కానీ వాళ్లకూ నీకూ ఒక తేడా ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ భాష మాట్లాడినవాళ్లు గుర్తులు వదిలేసినా వాక్యం కట్టు సరిగ్గా ఉంటుంది కాబట్టి చదివేవాళ్లు మిగతాది ఊహించుకుంటారు. మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకున్నట్టే: కె, ఎ, ఎల్, ఎ అని పంపితే అది కలో కళో మనకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. నువ్వు ఇంకా నేర్చుకుంటున్నావు, వ్యాకరణంలో తప్పులు రావడం సహజం. ఆ తప్పులకు తోడు గుర్తులు కూడా లేకపోతే చదివేవాడికి పట్టుకోవడానికి ఆధారమే మిగలదు.

ఉదాహరణకు ఎఫ్, ఎ, టి, ఎ అనే నాలుగు అక్షరాలు తీసుకో. ఏ గుర్తూ లేకుండా ఉంటే దానర్థం 'ఆ అమ్మాయి'. చివరి ఎ మీద గిన్నె పెడితే 'అమ్మాయి', ఫలానా అమ్మాయి అని కాకుండా ఎవరో ఒకమ్మాయి. టి కింద కామా పెడితే 'ఆ ముఖం', రెండూ పెడితే 'ముఖం'. ఉత్త అక్షరాలు కొట్టి పంపితే ఈ నాలుగింటిలో నువ్వు ఏదన్నావో అవతలివాళ్లు తేల్చుకోవాలి. ఇందులో ఆ భాష గుట్టు ఒకటి ఉంది. ఇంగ్లీషులో పేరుకు ముందు వచ్చే 'ది' రొమేనియన్‌లో పేరు చివర అతుక్కుంటుంది, చాలా స్త్రీలింగ పదాల్లో అది చేసే పనల్లా చివరి గిన్నె ఎను ఉత్త ఎగా మార్చడమే. గిన్నె ఎ మన హ్రస్వ 'అ'కు దగ్గరగా ఉంటుంది, ఉత్త ఎ మన 'ఆ'కు దగ్గర. 'ఫాత' అంటే ఒక అమ్మాయి, 'ఫాతా' అంటే ఆ అమ్మాయి. తెలుగువాడి చెవికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది, ఇంగ్లీషువాళ్ల కంటే మనకు ఇది తేలిక. రాసేటప్పుడు దాన్ని చెరిపేసుకుంటే పలకడం కూడా చెడుతుంది.

నీకు రోజూ పనికొచ్చేవి ఇంకొన్ని చెప్తాను. ఇంటి ఓనరుకు రెండు దుప్పట్లు కావాలని రాస్తూ ఎ మీద గిన్నె మరిచిపోయావనుకో, అది 'రెండు మంచాలు' అవుతుంది. 'పైగా, మీదుగా' అనే మాటలో ఎస్ కింద కామా పెడితే చేప. 'చెడ్డ' అనే మాటకూ 'నది' అనే మాటకూ తేడా ఎ మీద ఉన్నది గిన్నెనా టోపీనా అన్నదే. రొమేనియన్ మనిషి అనడానికి టోపీ ఎ కావాలి, టోపీ తీసేస్తే అది నవల లేదా ప్రాచీన రోము మనిషి. దోస్తులతో చాటింగ్‌లో నీ ఇష్టం. ఉద్యోగానికి పంపే సీవీ, కంపెనీకి పెట్టే మెయిల్, అద్దె ఒప్పందం, ఎదుటి మనిషి పేరు, ఇవి మాత్రం గుర్తులతోనే రాయి. ముఖ్యంగా పేర్లు. ఇంటిపేరులో కామా ఎస్ ఉన్న మేనేజరుకు కామా లేకుండా రాస్తే ఆయన ఏమీ అనకపోవచ్చు, పెట్టి రాస్తే మాత్రం తప్పకుండా గమనిస్తాడు.

ప్రశ్న: మా కంపెనీ ఒక యూరప్ క్లయింటుకు వెబ్‌సైట్ అనువాదాలు చూస్తుంది, నేను టెస్టింగ్‌లో ఉన్నాను. రొమేనియన్ ఫైలును 'ఎస్, టి అన్నీ తప్పు' అని తిప్పి పంపారు. నేను ఎంతసేపు చూసినా రెండూ ఒకేలా ఉన్నాయి, గుర్తులన్నీ ఉన్నాయి. రిలీజు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. అసలు తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఫైల్లో ఎస్ కింద, టి కింద ఉన్నవి కామాలు కావు, సెడిల్లాలు అయివుంటాయి. సెడిల్లా అంటే అక్షరం అడుగుకు అతుక్కుని వంకర తిరిగిన చిన్న కొక్కెం. కామా అక్షరాన్ని అంటుకోకుండా కింద విడిగా ఉంటుంది. కొక్కెం ఎస్ టర్కిష్ అక్షరం, రొమేనియన్‌ది కాదు. చిన్న అక్షరాల ఫాంటులో కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండూ పూర్తిగా వేర్వేరు అక్షరాలు. యూనికోడ్‌లో చిన్న బడి కామా ఎస్ సంఖ్య 0219, కొక్కెం ఎస్‌ది 015ఎఫ్. కామా టి 021బి, కొక్కెం టి 0163.

ఈ గందరగోళం ఎలా వచ్చిందో తెలిస్తే మీ టీంకు వివరించడం తేలికవుతుంది. 1987లో మధ్య, తూర్పు యూరప్ భాషలకని ఐఎస్ఓ 8859-2 అనే పట్టిక తయారైంది. ఒక పట్టికలో పట్టే అక్షరాలు తక్కువ, అందులో పోలిష్, చెక్, హంగేరియన్ వంటి భాషలెన్నిటినో ఇరికించాలి. రొమేనియన్ ఎస్, టిలను అందులో కొక్కేలతో పెట్టారు. విండోస్ 1250 పట్టికా అదే దారి పట్టింది. యూనికోడ్ వచ్చిన కొత్తలో కూడా కామా, కొక్కెం ఒకే అక్షరానికి రెండు రూపాలులే అన్నట్టు చూశారు. కాదు, మా అక్షరం వేరు అని రొమేనియా వైపు నుంచి అడగగా అడగగా 1999లో వచ్చిన యూనికోడ్ 3.0లో కామా ఎస్, కామా టిలకు సొంత స్థానాలు దొరికాయి. 2001లో ఐఎస్ఓ 8859-16 అనే ఇంకో పట్టిక కూడా వచ్చిందిగానీ అప్పటికి అందరూ యూనికోడ్ వైపు మళ్లుతున్నారు, దాన్ని వాడినవాళ్లు తక్కువ.

స్థానాలు దొరికినా అక్కడితో కథ తేలలేదు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఫాంట్లలో ఆ కొత్త అక్షరాలు లేవు. సరైన కామా ఎస్ వాడి పేజీ పెడితే చదివేవాళ్లకు ఖాళీ డబ్బాలు కనిపించేవి. పాఠకుడికి డబ్బా కనిపించడం కంటే తప్పు కొక్కెం కనిపించడమే నయమని, తేడా బాగా తెలిసిన పత్రికలవాళ్లు, వెబ్‌సైట్లవాళ్లు కూడా తెలిసి తెలిసీ తప్పు అక్షరమే వాడాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో ఇందులో రాసేవాళ్ల తప్పేమీ లేదు, ఒక భాషకు దాని అక్షరాలు సమయానికి అందకపోతే ఇలాగే అవుతుంది. రొమేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరిన 2007లోనే విండోస్ విస్టా కామా అక్షరాలున్న ఫాంట్లతో, వాటినే కొట్టే కీబోర్డులతో మార్కెట్‌లోకి వచ్చింది, ఎక్స్‌పీ వాడేవాళ్లకు ఫాంట్ల అప్‌డేట్ ఇచ్చారు. అంతకుముందు పోగైన లక్షల పేజీలు, డేటాబేస్‌లు, అనువాద మెమరీలు (పాత అనువాదాలను మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టే ఫైళ్లు) మాత్రం కొక్కేలతోనే మిగిలాయి. మీ ఫైల్లోకి వచ్చింది బహుశా అలాంటి పాత మెమరీ నుంచే.

మీ కంటికి తేడా ఎందుకు దొరకలేదంటే, చాలా ఫాంట్లలో కొక్కెం టి స్థానంలో కూడా కామా బొమ్మే గీశారు. అందుకే టి సరిగ్గా, ఎస్ మాత్రం కొక్కెంతో కనపడే పేజీలు ఇప్పటికీ తగులుతుంటాయి. పైగా పేజీ భాష రొమేనియన్ అని గుర్తిస్తే కొక్కెం అక్షరాన్నే కామాతో చూపించే ఫాంట్లూ ఉన్నాయి. కాబట్టి చూసి తేల్చుకోవద్దు, కోడ్ చూసి తేల్చుకోండి. వెతుకులాటలో సరైన కామా ఎస్ టైప్ చేసి చూడండి, ఎదురుగా కనపడుతున్న మాట దొరకలేదంటే ఫైల్లో ఉన్నది వేరే అక్షరమే. రేపు ఆ సైట్‌లో కస్టమర్లు ఊరి పేరు కొట్టి వెతికినా ఇదే జరుగుతుంది, క్లయింటు భయం అదే.

సరిచేయడం పెద్ద పని కాదు. పెద్ద బడి, చిన్న బడి కలిపి నాలుగు అక్షరాలు మార్చాలి, అంతే. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని వేర్వేరు కోడ్‌లతో రాసినవాటిని ఒక్క రూపంలోకి తేవడం) చేస్తే అదే సర్దుకుంటుందని మీ డెవలపర్లు అనవచ్చు, అది సర్దదు, ఎందుకంటే కామా, కొక్కెం అక్కడ కూడా వేర్వేరు గుర్తులే. గుడ్డిగా మొత్తం మార్చేయకండి కూడా. ఫైల్లో టర్కిష్ ఊర్ల పేర్లో మనుషుల పేర్లో ఉంటే వాటికి కొక్కెం ఎస్సే సరైనది, టర్కీ ఊరు ఎస్కిషెహిర్ పేరులో రొమేనియన్ కామా పెడితే మళ్లీ అదే తప్పు తిరగేసి చేసినట్టవుతుంది. కొక్కెం టి విషయంలో అంత భయం అక్కర్లేదు, టర్కిష్‌లో ఆ అక్షరమే లేదు. ఇంకొకటి చూసుకోండి, గిన్నె ఎ బదులు పైన కోసుగా, ఇంగ్లీషు 'వి' ఆకారంలో గుర్తున్న ఎ దూరి ఉండొచ్చు, అది పిన్యిన్‌లోది, అంటే చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలోది. రొమేనియన్ గిన్నె అడుగు గుండ్రంగా ఉంటుంది.

ప్రశ్న: టోపీ ఎ, టోపీ ఐ రెండూ ఒకేలా పలుకుతారని మా టీచరు చెప్పారు. మరి రెండెందుకు? లైబ్రరీలో తీసుకున్న పాత పుస్తకంలో అన్నిచోట్లా టోపీ ఐ ఉంది, నా పాఠ్యపుస్తకంలో టోపీ ఎ ఉంది. ఏది కరెక్టు?
– మెడిసిన్ విద్యార్థి, యాష్ (రొమేనియా)

జవాబు: మీ టీచరు చెప్పింది నిజం. రెండూ ఒకటే ధ్వని, మన 'ఇ'కీ 'ఉ'కీ మధ్యలో నాలుక పెట్టి, పెదవులు గుండ్రంగా తిప్పకుండా పలకాలి. ఇప్పటి నియమం ఇది: మాట మొదట్లోనూ చివరా టోపీ ఐ, మాట మధ్యలో టోపీ ఎ. 'నిర్ణయించు' అనే క్రియ చివర టోపీ ఐ ఉంటుంది, అదే క్రియ నుంచి వచ్చిన 'నిర్ణయించిన' అనే రూపంలో చివర ఒక టి చేరగానే ఆ ధ్వని మధ్యలోకి జరిగిపోతుంది కాబట్టి టోపీ ఎ అవుతుంది. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకోండి. టోపీ ఐతో మొదలయ్యే మాటకు ముందు ఉపసర్గ తగిలిస్తే ఆ ఐ మధ్యలోకి వచ్చినా మారదు. 'మొదలుపెట్టు' నుంచి వచ్చిన 'మళ్లీ మొదలుపెట్టు'లో టోపీ ఐ అలాగే ఉంటుంది.

రెండెందుకు అంటే, లాటిన్ మూలం కనపడాలన్న పట్టుదల. రొమేనియన్‌ను శతాబ్దాలపాటు సిరిలిక్ లిపిలో రాశారు, 1860ల మొదట్లోగానీ అధికారికంగా లాటిన్ లిపికి రాలేదు. సిరిలిక్‌లో ఈ ధ్వనికి విడిగా అక్షరం ఉండేది, లాటిన్‌లో లేదు. మాట ఏ లాటిన్ అచ్చు నుంచి వచ్చిందో దాని మీదే టోపీ పెడదామన్నవాళ్లూ, ఒక ధ్వనికి ఒక్క అక్షరం చాలన్నవాళ్లూ అప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. కమ్యూనిస్టు పాలనలో 1953లో వచ్చిన సంస్కరణ టోపీ ఎను తీసేసి అన్నిచోట్లా టోపీ ఐ పెట్టింది, దాంతో దేశం పేరులో కూడా ఐ వచ్చింది. 1960ల మధ్యలో దేశం పేరుకూ, రొమేనియన్ అనే మాటకూ, వాటి నుంచి పుట్టిన మాటలకూ మాత్రం టోపీ ఎ తిరిగి ఇచ్చారు. 1989లో ఆ పాలన పోయాక, 1993లో రొమేనియన్ అకాడమీ ఇప్పటి నియమం తెచ్చింది. 'ఉన్నాను' అనే క్రియ వర్ణక్రమం కూడా అప్పుడే మారింది, టోపీ ఐ తీసేసి 'యు' పెట్టారు. భాషావేత్తలు కొందరు గట్టిగా వ్యతిరేకించారు, కొన్ని పత్రికలు, ప్రచురణ సంస్థలు పాత పద్ధతి వదల్లేదు. మల్దోవాలోనూ పాత పద్ధతి ఇంకా చాలా ఏళ్లు నడిచింది.

కాబట్టి మీ పాత పుస్తకంలో ఉన్నది తప్పు కాదు, ఆ కాలపు నియమం. పరీక్షలో, అప్లికేషన్లో మీరు 1993 నియమమే పాటించండి. పాత పుస్తకంలోంచి వాక్యం ఎత్తి రాస్తే ఉన్నది ఉన్నట్టు రాయండి, దిద్దకండి. ఒక ధ్వనికి ఒక అక్షరం చాలన్న వాదనే నాకూ సబబుగా అనిపిస్తుంది, అయినా అది ఆ భాష మాట్లాడేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

ప్రశ్న: కామా టి ఎలా పలకాలి? 'త్స' అని రెండక్షరాలుగానా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండుగా విడగొట్టొద్దండీ. చాలు, చాప, చుక్క, వీటి మొదట్లో మీరు పలికే 'చ' ఉంది చూశారా, అదే. మన పాత వ్యాకరణాల్లో దీన్ని దంత్య చకారం అన్నారు, కొన్ని నిఘంటువుల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి చూపించారు, యూనికోడ్‌లో 2008లో ౘ అని విడిగా అక్షరం కూడా చేరింది. మనం మామూలు రాతలో ఆ గుర్తు లేకుండానే నెట్టుకొస్తున్నాం, ఎందుకంటే తెలుగు మాటల్లో పక్కన ఉన్న అచ్చును బట్టే చాలావరకు తెలిసిపోతుంది: చాపలో ఒకలా, చీమలో ఒకలా. రొమేనియన్‌లో అలా కుదరదు. అక్కడ ఉత్త టి, కామా టి రెండూ ఒకే అచ్చు ముందు వస్తాయి, అర్థం మారిపోతుంది. విద్యార్థి అనే మాట చివర ఉన్న టి బహువచనంలో కామా టి అవుతుంది, ఎలుగుబంటి అనే మాటలోని ఎస్ బహువచనంలో కామా ఎస్ అవుతుంది. అంటే కామా అక్కడ వ్యాకరణాన్ని కూడా మోస్తోంది.

ప్రశ్న: ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఇవి ఎలా కొట్టాలి?
– బుకారెస్ట్, కాకినాడ, వరంగల్ నుంచి పలువురు

జవాబు: ఫోన్లో భాషల జాబితాకు వెళ్లి రొమేనియన్ కీబోర్డు చేర్చండి. ఇంగ్లీషు కీబోర్డులోనే ఎస్‌ను నొక్కిపట్టి, వచ్చిన వరుసలో దగ్గరగా కనిపించిన దాన్ని ఎంచుకోవద్దు, తప్పు అక్షరాలు దూరేది అక్కడే. రొమేనియన్ కీబోర్డు ఉంటే ఉత్త అక్షరాలు కొట్టినా గుర్తులున్న మాటను అదే సూచిస్తుంది.

విండోస్‌లో రొమేనియన్ చేర్చేటప్పుడు మూడు రకాలు కనిపిస్తాయి. లెగసీ అన్నది వద్దు, అది పాత కొక్కేల కాలంది. స్టాండర్డ్ అన్నదాంట్లో ఐదు అక్షరాలకూ విడి మీటలున్నాయి, బ్రాకెట్లు, సెమీకోలన్ ఉండే చోట వస్తాయి. ఇంగ్లీషు కూడా ఎక్కువగా కొట్టేవాళ్లకు ప్రోగ్రామర్స్ అన్నది హాయి. మీటలన్నీ మామూలుగానే ఉంటాయి, కుడివైపు ఆల్ట్ పట్టుకుని ఎ కొడితే గిన్నె ఎ, క్యూ కొడితే టోపీ ఎ, ఐ కొడితే టోపీ ఐ, ఎస్ కొడితే కామా ఎస్, టి కొడితే కామా టి. నేను ఇదే వాడతాను.

ప్రశ్న: మా అమ్మాయి మల్దోవాలో ఎంబీబీఎస్ చదువుతోంది. ఊరి పేరు కాలేజీ లెటర్‌లో ఒకలా, బ్యాంకు రసీదులో ఒకలా, పాత మ్యాపులో ఇంకోలా ఉంది. రేపు ఇక్కడ సర్టిఫికెట్లు చూపించేటప్పుడు ఇబ్బంది అవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: కంగారు పడకండమ్మా. కాలేజీ లెటర్‌లో ఉన్నది అసలు పేరు, అందులో ఎస్ కింద కామా, చివర్లో ఎ మీద గిన్నె ఉంటాయి, 'కిషినౌ' అని పలుకుతారు. బ్యాంకుల మధ్య నడిచే సందేశాల్లో మామూలు అక్షరాలే వెళ్తాయి కాబట్టి రసీదులో గుర్తులు రాలిపోతాయి. పాత మ్యాపులోని 'కిషినెవ్' రష్యన్ నుంచి వచ్చిన రూపం. సోవియట్ కాలంలో అక్కడ ఇదే భాషను సిరిలిక్ లిపిలో రాయించారు, జనం పోరాడి 1989 ఆగస్టు 31న లాటిన్ లిపిని తిరిగి తెచ్చుకున్నారు, ఇప్పటికీ ఆ రోజును భాషా దినంగా జరుపుకుంటారు. విమాన టికెట్ మీద కోడ్ కూడా 2024లో కెఐవి నుంచి ఆర్ఎంఓకు మారింది, అది చూసి వేరే ఊరనుకోకండి.

ఇక్కడి ఆన్‌లైన్ ఫారాలు గుర్తులను తీసుకోకపోతే ఉత్త ఎస్, ఉత్త టి, ఉత్త ఎ కొట్టండి. పలికినట్టు ఉండాలని ఎస్ పక్కన హెచ్, టి పక్కన ఎస్ మీరుగా చేర్చకండి, ఇబ్బంది వచ్చేది దానివల్లే. రొమేనియన్ల పాస్‌పోర్టుల్లో అడుగున యంత్రం చదివే వరుసల్లో కూడా పేర్లు ఇలా గుర్తులు తీసేసే ఉంటాయి, కొత్త అక్షరాలు చేరవు. యూనివర్సిటీ పేరులో కామా ఎస్, కామా టి, గిన్నె ఎ మూడూ ఉంటే మూడింటినీ ఇలాగే మార్చి, అన్ని ఫారాల్లోనూ ఒక్కలాగే రాయించండి. అసలు సర్టిఫికెట్‌లో మాత్రం గుర్తులన్నీ ఉన్నాయో లేదో ఇచ్చిన రోజే అమ్మాయిని చూసుకోమనండి, ఏదైనా తప్పుంటే అక్కడ ఉండగానే దిద్దించుకోవడం తేలిక.